పంపినవాడే పిలవాలి

గవరయ్య పోయిన మూడో రోజు పొద్దున్న పదిగంటలప్పుడు ఏలీయా రాసుకుంటున్న బల్లని కిందినుంచి ఎవరో కొట్టారు. రెండు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ రెండు. ఏలీయా కలం పక్కన పెట్టి వంగి చూశాడు. బల్ల కింద అతని కాళ్ళు, చెప్పులు తప్ప ఏమీ లేవు. ఎండకి చెక్క బిగుసుకుంటోంది కాబోలని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఇళ్ళూ ఆఫీసులూ అన్నీ చెక్కతో కట్టుకునే ఊళ్ళో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. కానీ ఆ చప్పుడేమిటో ఏలీయాకి తెలుసు. 

సంగతి మొదట్నించి చెప్పుకోవాలి. పోర్ట్ బ్లెయర్‌కి ఎదురొడ్డున బంబూఫ్లాట్ దాటి కొంతదూరం పోతే మడ అడవి మధ్యలో ఒక నాలా, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ, ఉంది. దాని ఒడ్డున ఆ రోజుల్లో ఒక కలప కంపెనీ ఉండేది. స్వతంత్రం వచ్చి ఇరవై ఏళ్ళు అవుతోంది. దీవులకి ఓడ మీద ఓడగా జనం దిగుతున్నారు, అడవి మీద అడవి పడుతోంది. ఏనుగులు దుంగల్ని నీటిదాకా ఈడ్చుకొస్తే, అక్కడ వాటిని తెప్పలుగా కట్టి లాంచీ వెనక తగిలించి, రేవులో ఆగిన ఓడ దగ్గరికి లాగించేవాళ్ళు. అన్ని దుంగలూ తేలవు. కొన్ని జాతుల కలప రాయిలా మునిగిపోతుంది. అలాంటి దుంగని రెండు తేలే దుంగల మధ్య ఇనపతాడుతో వేలాడగట్టాలి. ఆ కట్టు జారితే ఒక మనిషి తెప్ప కిందికి దిగి, ఆ చీకట్లో చేత్తో తడుముకుంటూ తాడు బిగించి రావాలి. ఊపిరి కావాలంటే దుంగల సందున ముక్కు పైకెత్తి పీల్చుకోవాలి.

ఆ పని చేసే జట్టంతా విశాఖ, శ్రీకాకుళం తీరాలనుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. తెప్ప కిందికి మనిషిని ఎవరు పంపుతారో వాళ్ళే తెప్ప మీద నిలబడి అతన్ని పేరుపెట్టి పిలుస్తూ ఉండాలి. పిలుపు వినబడగానే కిందివాడు దుంగని రెండుసార్లు కొడతాడు. ఉన్నానని దాని అర్థం. పైన పదిమంది ఉన్నా మరొకడు నోరెత్తకూడదు. ప్రాణం ఎవరి మాట మీద కిందికి పోయిందో ఆ గొంతుకే పైకి వస్తుందని వాళ్ళ నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా అందులో న్యాయం ఉంది. మనిషిని నీళ్ళలోకి తోసి టీ తాగడానికి పోయే వీలు ఎవరికీ ఉండదు.

ఏలీయా జట్టువాడు కాడు. అతను కంపెనీ గుమస్తా. తండ్రి వేలు పట్టుకుని ఓడెక్కి వచ్చినవాడు, మిషన్ బడిలో చదువుకున్నవాడు, ఆదివారం తెలుగు ఆరాధనలో వాక్యం చదివేవాడు. తెలుగూ హిందీ రెండూ సాఫీగా వచ్చు కాబట్టి మేనేజరు హిందీలో అన్నది జట్టుకి తెలుగులో చెప్పడం, జట్టు తెలుగులో గొణిగింది మేనేజరుకి కాస్త చక్కెర కలిపి హిందీలో చెప్పడం అతని పని. మంచివాడనే పేరుంది. ఆ పేరు పోగొట్టుకోకుండా ఉండటానికి అతను చాలా కష్టపడేవాడు కూడా.

రెండేళ్ళ కిందట మేనేజరు మెయిన్‌లాండ్ వెళ్ళి ఒక కొత్త తెలివితో తిరిగొచ్చాడు. పనిలో కూలీ చనిపోతే కంపెనీ పరిహారం ఇవ్వాలని చట్టం ఉందట. చనిపోయినవాడు ఠేకేదారైతే, అంటే పని తన బాధ్యత మీద ఒప్పుకున్నవాడైతే, ఇవ్వక్కర్లేదట. ఇంకేం, ఒక్క వారంలో జట్టులో ప్రతి మనిషికీ ఒక ఠేకా కాగితం తయారైంది. రాసింది ఏలీయా. చదివి వినిపించింది ఏలీయా. వేలిముద్ర పెట్టే వేలిని పట్టుకుని సిరా అద్దింది కూడా అతనే. తెల్లారేసరికి కంపెనీలో కూలీ అన్నవాడు లేకుండా పోయాడు. అందరూ ఠేకేదారులే. ఆరింటికి సైరన్ కూస్తే పరిగెత్తుకొచ్చే ఠేకేదారులు. పావుగంట ఆలస్యమైతే సగం పూట కూలి కోయించుకునే ఠేకేదారులు. కంపెనీ గొడ్డలి, కంపెనీ తాడు సాయంత్రానికి కంపెనీకే అప్పజెప్పి పోయే ఠేకేదారులు. రాస్తున్నప్పుడు ఏలీయాకి నవ్వొచ్చింది. కాగితమే కదా, దీనివల్ల ఎవరి కంచంలో కూడు తగ్గుతుంది అనుకున్నాడు.

అందరిలోకీ మురిసిపోయినవాడు గవరయ్య. నలభై దాటిన మనిషి, తెప్ప కింద పనికి అతని తర్వాతే ఎవరైనా. ఆ రోజు చాతం రేవు నుంచి వచ్చే ఫెర్రీ దిగుతూ కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఠేకేదార్ సాబ్ అని జట్టంతా ఆట పట్టించింది. అతను నిజంగానే సాబ్ అయినట్టు తలూపాడు. ఇహ నా పని నా ఇష్టం, నాకు చెప్పేవాడెవడు అని కంపెనీ వాళ్ళు కట్టించిన లైన్ ఇళ్ళ మధ్య తిరుగుతూ అందరికీ చెప్పుకున్నాడు. పెళ్ళాం ఎరుకమ్మ మాత్రం, ఇష్టమైతే రేపు సైరన్ కూశాక కూడా పడుకో చూద్దాం అంది. మర్నాడు అతను సైరన్‌కి ముందే లేచాడు.

ఇప్పుడు గవరయ్య పోయిన రోజు సంగతి. రేవులో ఓడ కాసుక్కూచుంది. తెప్ప సిద్ధమైపోయింది, లాంచీ తగిలించబోతుంటే మధ్యలో వేలాడగట్టిన పెద్ద దుంగ ఒక చివర జారింది. సముద్రం పోటు మీదుంది. నాలాలో నీళ్ళు లోపలికి తోసుకొస్తూ తెప్పని జెట్టీ గుంజలకేసి నొక్కుతున్నాయి. గంటన్నర ఆగితే నీళ్ళు తిరుగుతాయి. మేనేజరు గుట్ట మీది ఆఫీసు వరండాలోంచి చూసి, ఇప్పుడే బిగించి పంపమని ఏలీయాతో చెప్పాడు. ఏలీయా కిందికి దిగొచ్చి గవరయ్యకి ఆ మాట చెప్పాడు. జట్టులో మిగిలినవాళ్ళు తెప్పకి అవతలి కొసన ఉన్నారు. ఇద్దరి మధ్యా ఏ మాటలు నడిచాయో వాళ్ళకి వినబడలేదు.

ఆ మాటలు ఏలీయా తర్వాత ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికీ చెప్పలేదు, ప్రార్థనలో దేవుడికీ చెప్పలేదు. మనకి ఆ దాపరికం ఎందుకు.

గవరయ్య నీళ్ళకేసి చూశాడు. ఏలీయా దగ్గరికి జరిగి మెల్లగా, "ఈ పూట ఒద్దు బాబూ. నీల్లు నొక్కేస్తన్నాయి. తిరిగేదాకా ఆగుదుం," అన్నాడు.

ఏలీయా తలెత్తి వరండా వైపు చూశాడు. మేనేజరు చేతిగడియారం చూసుకుంటున్నాడు. మళ్ళీ పైకెళ్ళి దిగనంటున్నాడని చెప్పాలి. తిట్లు తినాలి. ఆ తిట్లు తప్పించుకోవడానికి ఏలీయా ఒక మాట అన్నాడు.

"అయితే రేపట్నించి పనికి రాకు."

గవరయ్య చొక్కా విప్పి గుంజకి తగిలించి దిగాడు. ఏలీయా తెప్ప మీదికి ఎక్కి పిలవడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ అతను పిలవలేదు. అలవాటు లేని గొంతుతో గవరయ్యా, గవరయ్యా అని పిలుస్తుంటే కిందినుంచి రెండేసి దెబ్బలు తు.చ. తప్పకుండా వచ్చాయి. తర్వాత ఒక పెద్ద అల తోపుకి తెప్ప ఒక్కసారి గుంజల మీదికి ఒరిగింది. దుంగల సందులు మూసుకుపోయాయి. జట్టు పరిగెత్తుకొచ్చి గునపాలతో దుంగల్ని విడదియ్యాలని చూసింది. దిగబోయినవాళ్ళకి దిగే సందు దొరకలేదు. జట్టులో పెద్దవాడు అప్పలరాముడు, బాబూ పిలుపు ఆపకు అన్నాడు. ఏలీయా పిలిచాడు. కింద కాస్త గాలి మిగిలిన చోటేదో దొరికి ఉంటుంది, చాలాసేపు జవాబొచ్చింది. రెండు దెబ్బలు, రెండు దెబ్బలు, ఆపైన ఒక్కటి. ఆ తర్వాత ఏలీయా గొంతు పోయేదాకా పిలిచినా ఏమీ రాలేదు. నీళ్ళు తిరిగాక గవరయ్యని బయటికి తీశారు. కుడిచేతి కణుపుల మీద తోలు లేదు.

సాయంత్రం మేనేజరు ఏలీయాని పిలిచి రిపోర్టు రాయించాడు. ఠేకేదారు గవరయ్య తన పని తొందరగా ముగించుకోవాలని తనంతట తానే దిగాడని రాయించాడు. కిందన ఆ వేలిముద్ర కాగితం గుచ్చించాడు. ఏలీయా చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది. 

మూడో రోజున మొదలైన చప్పుడు మరి పోలేదు. ఎప్పుడూ కిందినుంచే వచ్చేది. బల్ల కింద, ఫెర్రీలో కూచుంటే కాళ్ళ కింది పలక కింద, అన్నానికి కూచుంటే పీట కింద. రెండు దెబ్బలు కొట్టి ఆగుతుంది, పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఏలీయా పిలవడు. మళ్ళీ రెండు దెబ్బలు. ఒక ఆదివారం అతను పుల్పిట్ దగ్గర నిలబడి వాక్యం చదువుతుంటే నేల పలకలు అతని అరికాళ్ళ కింద అదిరాయి. ఒక వచనం వదిలేసి మరో వచనం చదివాడు. ఎవరికీ ఏమీ వినబడలేదు, ముందు వరసలో కూచున్న ముసలి లీదియమ్మ కూడా ఎప్పటిలాగే కునుకు తీస్తోంది. ఆరాధన అయ్యాక పాస్టరు జీవానందం గారిని, చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారా అయ్యగారూ అని అడిగాడు. రారు, ప్రభువు దగ్గర నిద్రపోతారని ఆయన చెప్పాడు. నిద్రపట్టనివాళ్ళ సంగతేమిటని అడుగుదామనుకుని ఏలీయా ఊరుకున్నాడు. భయపడ్డాడు. అడిగితే ఎవరికి నిద్రపట్టడం లేదని ఆయన అడుగుతాడు.

అతని భార్య దయావతి ఒకటి కనిపెట్టింది. మొగుడు ఎక్కడ కూచున్నా కాళ్ళు పైకి ముడుచుకుంటున్నాడు. నేలమీద పాదం పెట్టడం లేదు. ఏమిటి అంటే చీమలంటాడు. దయావతి నవ్వుదామనుకుంది గానీ అతని మొహం చూసి నవ్వలేదు.

ఆ దయావతే మరో సంగతి ఇంటికి మోసుకొచ్చింది. లైన్ ఇళ్ళ దగ్గర కుళాయి కాడ ఎరుకమ్మ బిందె పెట్టుకుని మొగుణ్ణి తిడుతోందట, బతికున్న మొగుణ్ణి తిట్టినట్టే. "నా పని నా ఇష్టం అన్నావు, నా ఇష్టమంటే ఇదేనేట్రా. పోటు మీద దిగడానికి నీకేటి పోయీకాలం. నానున్నానని గేపకం లేదేటి," అని. ఎవరు ఓదార్చబోయినా ఊరుకోవడం లేదట. ఏడవడం లేదట, తిడుతోందట. గొప్పకి పోయి ప్రాణం తీసుకున్నవాడికి ఏడవడం కూడానా అంటోందట. దయావతి ఈ మాటలు చెప్పుకుంటూ కూర తరుగుతోంది. ఏలీయా పీట మీద కాళ్ళు ముడుచుకుని విన్నాడు. పీట కింద ఏ చప్పుడూ రాలేదు. కిందివాడు కూడా వింటున్నాడేమో అని అతనికి అనిపించింది.

నెల తిరక్కుండానే ఎరుకమ్మని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. లైన్ ఇళ్ళు కంపెనీ పనివాళ్ళవి, గవరయ్య పనివాడు కాడు గనక ఆవిడకి హక్కు లేదు. ఓడ టిక్కెట్టు కొనిస్తాం, మెయిన్‌లాండ్ వెళ్ళిపొమ్మన్నారు. అక్కడ ఆవిడ దిగితే, నువ్వెవరివని అడిగేవాళ్ళు తప్ప ఎరుకమ్మవా అని పలకరించేవాళ్ళు లేరు. పదిహేనేళ్ళు దాటిన పిల్ల ఒకత్తి, ఎనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి. పెద్దదాన్ని సిప్పీఘాట్‌లో పొలం పనికి పెట్టి ఎరుకమ్మ ఇంటిని పట్టుకు వేలాడింది. అప్పలరాముడు ఆవిణ్ణి పోర్ట్ బ్లెయర్ తీసుకెళ్ళి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టించాడు. గవరయ్య కంపెనీ పనివాడని తేలితే పరిహారం వస్తుంది, అది చేతికొచ్చేదాకా ఇంట్లోంచి కదపరు. ఠేకేదారని తేలితే ఓడే గతి.

కంపెనీ తరఫున సాక్షి ఎవరో చెప్పక్కర్లేదు. పెద్దగా చెప్పాల్సిందేమీ లేదనీ, కాగితం చూపించి అతనే దిగాడని అంటే చాలుననీ మేనేజరు ఏలీయా భుజం తట్టాడు. హెడ్ క్లర్కు కుర్చీ ఖాళీ అవుతోందని కూడా మాటల్లో మాటగా అన్నాడు. ఏలీయా గంగిరెద్దులా తలూపాడు. పాదాల కింద దెబ్బలు మొదలయ్యాయి.

విచారణ గవరయ్య పోయిన ఏడు నెలలకి వచ్చింది. కొండ మీద చెక్క మేడ, పైఅంతస్తులో గది, చెక్క నేల. లేబర్ ఆఫీసరు మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చినాయన, నెమ్మదిగా హిందీలో మాట్లాడే సన్నని మనిషి. ఎరుకమ్మ ఒక మూల నేలమీదే కూచుంది. కుర్చీ వేస్తానన్నా వద్దంది. ముందు కాగితం చదివారు. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, కాగితంలో లేని సంగతులు అడగడం మొదలుపెట్టాడు. గొడ్డలి ఎవరిది, తాడు ఎవరిది. పనికి ఎన్నింటికి రావాలో ఎవరు చెప్తారు. ఒంట్లో బాగాలేకపోతే తన బదులు మరొకణ్ణి పంపొచ్చా. ఇంకో కంపెనీ పని చేసుకోవచ్చా. మేనేజరు ప్రతిదానికీ ఒక జవాబు తెచ్చుకున్నాడు. తాడు అరువిచ్చామన్నాడు, సైరన్ అందరికీ కూస్తుందన్నాడు, మరొకణ్ణి పంపొద్దని తానెప్పుడూ అనలేదన్నాడు. అబద్ధాలని పట్టి చూపించడానికి వీల్లేని అబద్ధాలు అవి. చివరికి, ఆ రోజు అతన్ని నీళ్ళలోకి దిగమని ఎవరూ పంపలేదు, ఠేకేదారు తన ఇష్టంతో దిగాడు, సాక్ష్యానికి గుమస్తా ఉన్నాడు అని ముగించాడు.

ఆఫీసరు అప్పలరాముణ్ణి పిలిచి, ఎవరైనా పంపగా చూశావా అని అడిగాడు. అప్పలరాముడికి ఆ సాయంత్రం మళ్ళీ అదే నాలాకి వెళ్ళాలి, పొద్దున్నే అదే సైరన్‌కి లేవాలి. ఏలీయా రాసే హాజరు పుస్తకంలోనే అతని బతుకూ ఉంది. తువ్వాలు నలుపుకుంటూ చెప్పాడు.

"ఎవులు పంపేరో నాను సూల్లేదు సాబ్. పిలిసింది మాత్రం ఏలీయా బాబు."

తర్జుమా చేసేవాడు దాన్ని హిందీలోకి మార్చి చెప్పాడు. ఆఫీసరుకి అందులో విశేషమేమీ కనబడలేదు, తలూపి రాసుకోబోయాడు. మూల కూచున్న ఎరుకమ్మ లేచి నిలబడింది. జట్టువాళ్ళు ఆవిడ దగ్గర ఈ సంగతి దాచారు. అందరం పిలిచామని చెప్పారు. మగవాళ్ళందరి పొట్టలూ ఆ గుమస్తా కలం కింద ఉన్నాయి గనక, చెప్పినందువల్ల పోయినవాడు తిరిగి రాడు గనక, దాచారు. ఇప్పుడు ఆవిడ ఏలీయా మొహంలోకి చూస్తోంది. ఆఫీసరు కలం ఆపి, ఏమైంది, పిలవడమంటే ఏమిటి అని అడిగాడు. గదిలో తెలుగువాళ్ళందరూ ఏలీయాకేసే చూశారు. ఆఫీసరు సాక్షి బల్ల దగ్గర నిలబడ్డ ఏలీయా వైపు తిరిగాడు.

ఏలీయా కాళ్ళ కింద నేల కొట్టుకుంటోంది. రెండు దెబ్బలు, రెండు దెబ్బలు, మధ్యలో ఆగడం లేదు. ఎక్కడికి పాదం జరిపినా అక్కడికే వస్తోంది. కూచోవడానికి లేదు, కాళ్ళు పైకి ముడుచుకోవడానికి లేదు. ఇంతమందిలో ఏ ఒక్కరికీ వినబడకపోవడం అతనికి అన్నిటికన్నా అన్యాయంగా తోచింది. నోరు తెరిస్తే అరుస్తానేమోనని భయపడి చాలా మెల్లగా మాట్లాడాడు.

"మాలో పంపినవాడే పిలవాలి సాబ్."

మేనేజరు లేచి, గుమస్తాయే స్వయంగా రిపోర్టు రాశాడు, మనిషి తనంతట తాను దిగాడని అందులో ఉంది, ఈ జాలరి నమ్మకాలు విచారణకి పనికిరావు అన్నాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆయన్ని కూచోబెట్టాడు. ఎవరు పిలిచారన్నది తనకి ముఖ్యం కాదన్నాడు. ఎవరి తాడు, ఎవరి గొడ్డలి అన్నదాని మీద కూడా రోజంతా వాదించుకోవచ్చునన్నాడు. ఏలీయా వైపు కాస్త వంగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అడిగాడు.

"ఠేకేదారు అన్నవాడు పని ఇప్పుడు చెయ్యను అనగలడు. నాకు ఆ ఒక్కటీ చెప్పు. దిగను అనే వీలు అతనికి ఉందా?"

ఎవరు పంపారు అని అడిగి ఉంటే ఏలీయా మేనేజరు పేరు చెప్పి బయటపడేవాడేమో. నేను హిందీ మాటని తెలుగులోకి మార్చానంతే అనేవాడు. ఏడు నెలలుగా తనకి తాను చెప్పుకుంటున్నది అదే. ఈ ప్రశ్నకి ఆ జవాబు అతకదు. ఆ రోజు మేనేజరు బిగించమన్నాడే గానీ పనిలోంచి తీసేస్తానని అనలేదు. అది ఎవరి మాటకీ తర్జుమా కాదు. అది ఏలీయా సొంత మాట.

"అన్నాడు సాబ్," అన్నాడు ఏలీయా. "ఈ పూట వద్దన్నాడు. నీళ్ళు తిరిగేదాకా ఆగుదామన్నాడు. అయితే రేపట్నించి పనికి రాకు అన్నాను. నేనే అన్నాను. దిగాడు."

అతను హిందీలో చెప్పాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే ఎరుకమ్మ వైపు తిరిగి అదంతా తెలుగులో మళ్ళీ చెప్పాడు. ఒక్క మాట మింగలేదు. చెప్పడం అయ్యాక అతనికి తెలిసింది, నేల నిశ్శబ్దంగా ఉంది. బయట మేడ మెట్ల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు, ఆఫీసరు కలం గీస్తున్న చప్పుడు మాత్రమే వినబడుతున్నాయి. ఏలీయాకి ఏడుపొచ్చింది. సిగ్గుపడాల్సిన చోట అతనికి ముందు తేలికపడినట్టయింది, అది తలుచుకుని ఆ తర్వాత సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసరు ఉత్తర్వు చదివాడు. రేపు రావద్దు అనే మాటకి జడిసి ప్రాణాపాయంలోకి దిగినవాడు కాగితం మీద ఏమైనా కావచ్చు, చట్టం ముందు పనివాడే అని అందులో ఉంది. పరిహారం ఇవ్వాలి, అందాకా ఇల్లు ఖాళీ చేయించకూడదు. అప్పలరాముడు తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. మేనేజరు మెట్లు దిగుతూ ఏలీయా పక్కన ఒక్క క్షణం ఆగి, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు అని వెళ్ళిపోయాడు. ఏలీయా ఆ మాట విని నిలబడ్డాడు. మర్నాడు రాకపోయినా అతను బతుకుతాడు. చదువుంది, రెండు భాషలున్నాయి, ఎక్కడో ఒకచోట బల్లా కుర్చీ దొరుకుతాయి.

వరండాలో చెక్క స్తంభానికి ఆనుకుని ఎరుకమ్మ కోసం కాచుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టాలనే కోరుకున్నాడు. మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ తిరగేసి తనకి పెడితే ఎంతో కొంత లెక్క సరిపోతుందని ఆశ. జనం ముందు చెంపమీద కొట్టినా సరేననుకున్నాడు. క్షమించమని అడగడానికి మాటలు కూడా కూర్చుకున్నాడు, ఆ మాటలు ఆదివారం ప్రార్థనలోవి.

ఎరుకమ్మ బయటికొచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపల గోడవైపు తిరిగి ఏడ్చిందని తర్వాత అప్పలరాముడు చెప్పాడు, ఏడు నెలల్లో అదే మొదటిసారి. తీర్పు గురించి గానీ ఇంటి గురించి గానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. ఏలీయా ఎదురుగా వచ్చి నిలబడి, కుళాయి కాడ పొరుగింటాయన్ని ఏదో అడిగినట్టే అడిగింది.

"ఒద్దన్నాడన్నావు కదా బాబూ. గట్టిగా అన్నాడా, మెల్లగా అన్నాడా?"

 ఇలాంటి ప్రశ్న లోపల ఎవరూ అడగలేదు. ఏలీయా గుర్తు చేసుకున్నాడు. గవరయ్య దగ్గరికి జరిగాడు. వరండాలోని మేనేజరుకి వినబడకూడదన్నట్టు, అవతల ఉన్న జట్టుకి కూడా వినబడకూడదన్నట్టు అన్నాడు.

"మెల్లగానే అన్నాడు అక్కా."



"ఇరవై ఏల్లు కాపరం సేసేను. ఆ మడిసికి మెల్లగా మాటాడ్డం రాదు. కోపమొచ్చినా అరుపే, సంతోసమొచ్చినా అరుపే. ఒక్కసారే మెల్లగా మాటాడేడు, సిన్నదానికి జొరం వచ్చి పోతాదనుకున్నప్పుడు. డాకటరు కాల్లట్టుకుని," అంది ఎరుకమ్మ. "అయితే ఆడు నిన్ను బతిమాలేడన్నమాట."

కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది. అప్పలరాముడు గొడుగు పట్టుకుని వెనకే వెళ్ళాడు. నాలుగింటి ఫెర్రీ అందుకోవాలని ఇద్దరూ చాతం దారిన పడ్డారు. ఏలీయా కూర్చుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. వద్దన్నాడని ప్రమాణం చేసి చెప్పాడే గానీ, బతిమాలాడని అతనికి ఆ క్షణందాకా తెలియదు.

ఆ తర్వాత అతను చాలా ఏళ్ళు బతికాడు. తుష్నాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు, నేల మీద పాదాలు ఆనించి కూచున్నాడు. కిందినుంచి చప్పుడు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కానీ అప్పుడప్పుడు, పట్టపగలు, పదిమందిలో ఉన్నప్పుడు కూడా, ఎవరో బాగా దగ్గరికి జరిగి, మరెవరికీ వినబడకుండా, ఈ పూట ఒద్దు బాబూ అనేవారు.